పాలిషింగ్ ప్యాడ్ మధ్యలోనే ఎందుకు కాలిపోతుంది? నంద్యాల, ఆళ్లగడ్డ ఎండల్లో కారు పాలిష్ చేసేవారు తెలుసుకోవాల్సిన సంగతులు

మెషిన్ తిరుగుతూ ఉండగానే ప్యాడ్ ఊడిపోతుంది. స్పాంజి ఎగిరి ఒక మూలన పడుతుంది. దాని వెనక ఉండాల్సిన వెల్‌క్రో గుడ్డ మాత్రం ప్లేటుకే అంటుకుని తిరుగుతూ ఉంటుంది. స్పాంజిని చేతిలోకి తీసుకుని చూస్తే మధ్యలో గుంట, అక్కడ జిగురు మెత్తబడి సాగుతూ ఉంటుంది, కాలిన వాసన వస్తుంది. కారు పాలిషింగ్ చేసే షెడ్లలో ఎండాకాలం వచ్చిందంటే ఇది మామూలు సంగతి.

అప్పుడు ఉస్తాద్‌కూ, పని నేర్చుకునే కుర్రాడికీ మధ్య నడిచే మాటలు కూడా ఏ షెడ్డులోనైనా ఇంచుమించు ఒకేలా ఉంటాయి.

"మాల్ మంచిది కాదు ఉస్తాద్, కొని వారం కూడా కాలేదు."

"మాల్ కాదు బేటా, నీ చెయ్యి బరువు."

ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. కానీ ప్యాడ్‌ను చంపేది ఇద్దరికీ కనపడని చోట ఉంటుంది. పనిచేసేవాడి కళ్లన్నీ ప్యాడ్ కింద, రంగు మీద ఉంటాయి. వేడి మాత్రం ప్యాడ్ పైన, స్పాంజికీ వెల్‌క్రోకీ మధ్య అతికించిన పొర దగ్గర చేరుతుంది. కింద బానెట్ చల్లగానే ఉన్నట్టు చేతికి తెలుస్తుంది, పైన జిగురు అప్పటికే కరగడం మొదలై ఉంటుంది.

నష్టం ప్యాడ్‌తో ఆగితే ఫర్వాలేదు. మంచి ప్యాడ్ ఒక్కోటి కొన్ని వందల నుంచి వెయ్యి రూపాయల పైన పలుకుతుంది, రోజుకు రెండు పోతే ఆ రోజు సంపాదన పోయినట్టే. అంతకంటే పెద్ద ముప్పు ఇంకొకటి ఉంది. స్పాంజి ఊడిన క్షణంలో గట్టి ప్లాస్టిక్ ప్లేటు నేరుగా రంగుకు తగులుతుంది. అర సెకను చాలు, ప్యానెల్ మొత్తం మళ్లీ పెయింట్ చేయించి ఇవ్వాల్సి వస్తుంది. అన్నదమ్ములు కలిసి అప్పో సొప్పో చేసి మెషిన్ కొనుక్కుని మొదలుపెట్టిన చిన్న షెడ్డుకు అలాంటి దెబ్బ ఒక్కటి తగిలినా కోలుకోవడానికి నెలలు పడుతుంది.

వేడి ఎక్కడి నుంచి వస్తుంది?

మెషిన్ తాగే కరెంటంతా చివరికి వేడిగానే మారుతుంది. కొంత మోటారులో, కొంత గేర్లలో, మిగిలింది ప్యాడ్‌లోనూ కారు రంగు మీదా. 700 వాట్ల మెషిన్ నిండు బరువు మీద ఒక్క నిమిషం నడిస్తే 42,000 జౌళ్ల శక్తి ఖర్చవుతుంది. పావు లీటరు నీళ్లను 30 డిగ్రీల నుంచి 70 డిగ్రీలకు కాచడానికి అది సరిపోతుంది. అంటే మీరు బానెట్ మీద నిమిషం పాటు నొక్కి పాలిష్ పడితే ఒక పెద్ద గ్లాసు నీళ్లు పొగలు కక్కేంత వేడి పుట్టినట్టు. అదంతా ప్యాడ్‌లోకే పోదు, నిజమే. కానీ పోయినంతలో ఎక్కువ భాగం అక్కడే ఉండిపోతుంది. దానికి కారణం స్పాంజి గుణం.

పాలిషింగ్ ప్యాడ్‌లలో ఎక్కువ వాటికి వాడే స్పాంజి పాలీయూరితేన్. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ అనే రసాయన శాస్త్రవేత్త బృందం తయారుచేసిన పదార్థం ఇది. మన ఇళ్లలో ఫోమ్ పరుపుల్లో ఉండేది, ఫ్రిజ్ గోడల మధ్య నింపేది కూడా ఈ కుటుంబానికి చెందినదే. ఫ్రిజ్ గోడలో ఎందుకు నింపుతారు? బయటి వేడిని లోపలికి రానివ్వదు కనుక. ఎండాకాలం రాత్రి ఫోమ్ పరుపు మీద పడుకుంటే వీపు ఎందుకు చెమట పడుతుంది? ఒంటి వేడిని బయటికి పోనివ్వదు కనుక. ప్యాడ్ లోపల పుట్టిన వేడికీ అదే గతి. ఇనుప రేకు అయితే వేడిని నాలుగు వైపులా పంచేస్తుంది. స్పాంజి పంచదు, పట్టుకుని కూర్చుంటుంది.

ఇక వెల్‌క్రో. స్విట్జర్లాండ్ ఇంజనీరు జార్జ్ ద మెస్ట్రాల్ 1941లో వేటకు వెళ్లి వచ్చినప్పుడు బట్టలకు, కుక్క బొచ్చుకు అంటుకున్న ముళ్ల గింజలను చూసి దీన్ని ఆలోచించాడని చెబుతారు. పొలం గట్టున నడిచి వచ్చాక పంచెకు, సల్వార్‌కు అంటుకునే గింజల పద్ధతే ఇది. సన్నని కొక్కేలు ఒకవైపు, ఉచ్చులు ఇంకోవైపు. ప్లేటు మీద కొక్కేలుంటాయి, ప్యాడ్ వెనక ఉచ్చుల గుడ్డ ఉంటుంది. వేడెక్కితే కొక్కేల కొనలు మెత్తబడి వంగిపోతాయి, తర్వాత ఎంత కొత్త ప్యాడ్ పెట్టినా పట్టు ఉండదు. ఒకే మెషిన్ మీద ప్యాడ్‌లు వరసగా పోతుంటే ప్యాడ్ కంపెనీని తిట్టే ముందు ప్లేటు మీద కొక్కేలను ఒకసారి వేలితో తడిమి చూడాలి. మధ్యలో నున్నగా, అంచుల దగ్గర గరుగ్గా ఉంటే ప్లేటు పని అయిపోయినట్టే.

మెషిన్ రకాన్ని బట్టి వేడి

షెడ్లలో రెండు రకాల మెషిన్లు కనిపిస్తాయి. పాతది రోటరీ. ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది. దీని వేడి ఎక్కువగా ప్యాడ్ కిందే, రంగుకు తగిలే చోట పుడుతుంది. అందుకే రోటరీతో రంగు కాలడం ఎక్కువ. ఒకేచోట రెండు మూడు సెకన్లు ఎక్కువ ఆపినా, తలుపు అంచు మీద నిలిపినా రంగు పోయి ప్రైమర్ తేలుతుంది.

రెండోది డ్యుయల్ యాక్షన్, చాలామంది డీఏ అని పిలిచేది. ఇది తిరుగుతూనే పక్కకు ఊగుతుంది. ఊగే దూరం 8 మిల్లీమీటర్లు, 15, 21 ఇలా మెషిన్‌ను బట్టి ఉంటుంది. ఎక్కువ వేగంలో పెడితే నిమిషానికి నాలుగైదు వేల ఊపులు. రంగుకు ఇది కొంచెం భద్రమైనది, కొత్తగా నేర్చుకునేవాళ్లకు దీన్నే ఇవ్వడం మంచిది. కానీ ప్యాడ్‌కు మాత్రం ఇదే పెద్ద పరీక్ష.

ఎందుకంటే చాలా డీఏ మెషిన్లలో ప్యాడ్ తిరగడం బలవంతం కాదు. ఊపు వల్ల దానంతటది తిరుగుతుంది. ఫెండర్ వంపు మీదో, బంపర్ మూల మీదో నొక్కి పట్టుకుంటే తిరగడం ఆగిపోతుంది, ఊగడం మాత్రం ఆగదు. ప్లేటుకు అంటుకున్న స్పాంజి పైభాగం నిమిషానికి వేలసార్లు అటూ ఇటూ పోతుంటుంది, రంగుకు ఆనిన కింది భాగం కదలదు. మధ్యలో ఉన్న స్పాంజి నలిగిపోతుంది. ఇనుప తీగను ఒకేచోట అటూ ఇటూ పదిసార్లు వంచి ఆ వంపును ముట్టుకుంటే చురుక్కుమంటుంది చూడండి, అలాంటిదే. బయటి నుంచి ఎవరూ నిప్పు పెట్టలేదు, నలగడమే వేడి. ప్యాడ్ మధ్యలో గుంట పడేది ఇందుకే.

దీన్ని పట్టుకోవడానికి పైసా ఖర్చు లేని ఉపాయం ఒకటి ఉంది. ప్లేటు అంచు మీద నల్లని మార్కర్‌తో ఒక గీత గీయండి. పని చేసేటప్పుడు ఆ గీత తిరుగుతూ కనిపించాలి. గీత ఒకేచోట వణుకుతూ నిలిచిపోయిందంటే ప్యాడ్ ఆగింది, లోపల ఉడుకుతోంది. వెంటనే బరువు తగ్గించాలి, లేదా మెషిన్‌ను సమంగా ఆనించాలి. ఒక పక్కకు వాల్చి పట్టుకోవడం వల్లే చాలాసార్లు ప్యాడ్ ఆగిపోతుంది. అప్పటికీ తిరగకపోతే ఆ వంపుకు చిన్న ప్లేటు, మూడంగుళాల ప్యాడ్ వాడాలి.

బలవంతంగా తిప్పే డీఏలు కూడా ఉన్నాయి, వాటిలో గేరు ఉంటుంది. అవి ఆగవు. కానీ ఆగని మెషిన్ అలవాటైనవాడు ఇంకా గట్టిగా నొక్కుతాడు, దాంతో వేడి మళ్లీ మొదటికొస్తుంది.

బేతంచెర్లలో నీళ్లు, షెడ్డులో బ్రష్

నంద్యాల జిల్లా వాళ్లకు పాలిషింగ్ అంటే కొత్తగా చెప్పాల్సిన పని లేదు. బేతంచెర్ల బండలను పాలిష్ పట్టే మెషిన్ దగ్గర నిలబడి చూసినవాళ్లకు ఒక సంగతి తెలుసు. అక్కడ నీళ్లు ఆగకుండా పారుతూనే ఉంటాయి. ఆ నీళ్లు రెండు పనులు చేస్తాయి. ఒకటి, బండనూ పట్టే రాయినీ చల్లబరుస్తాయి. రెండు, అరిగిన రాతి బురదను ఎప్పటికప్పుడు కడిగేస్తాయి. బురద అక్కడే ఉండిపోతే కొత్త రాయి అరగదు, బురదే బురదను రుద్దుతూ వేడి పెంచుతుంది. ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కేవాళ్లు నునుపు పట్టేటప్పుడు రాయిని తడుపుకుంటూ రుద్దడంలోనూ ఇదే ఉంది.

కారు మీద అలా నీళ్లు పారించలేం. పాలిష్ పలచబడి పని చేయదు, ప్యాడ్ నానిపోతుంది, చేతిలో కరెంటు మెషిన్ ఉంటుంది. అయితే నీళ్లు చేసే రెండో పని, అంటే అరిగినదాన్ని తీసేయడం, మనం బ్రష్‌తో చేయవచ్చు. చాలామంది వదిలేసేది దీన్నే. పాలిష్ పట్టినప్పుడు అరిగిన రంగు, వాడి అయిపోయిన కాంపౌండ్ కలిసి స్పాంజి రంధ్రాల్లో పేరుకుంటాయి. రంధ్రాలు మూసుకుపోయిన స్పాంజిలో గాలి ఆడదు. జిగటగా మారిన ఆ మడ్డి రంగును పట్టుకుని లాగుతుంది, మోటారు మీద బరువు పెరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. ప్యాడ్ పాడవుతోందని తెలియక కుర్రాడు ఇంకొంచెం కాంపౌండ్ వేస్తాడు. తడి ఎక్కువై ఇంకా పూడుకుపోతుంది.

కాబట్టి రెండడుగుల చదరం ఒక్కటి పూర్తి కాగానే ప్యాడ్‌ను బ్రష్ చేయాలి. ప్రతి చదరానికీ. మెషిన్‌ను తిరగేసి, తక్కువ వేగంలో పెట్టి, నైలాన్ బ్రష్‌ను ఆనిస్తే పది సెకన్లలో అయిపోతుంది. కంప్రెసర్ ఉన్న షెడ్డులో గాలి కొడితే ఇంకా మేలు. గాలి మడ్డిని తీయడమే కాదు, ప్యాడ్‌ను లోపలి దాకా చల్లబరుస్తుంది కూడా. పెయింటింగ్ షెడ్లలో కంప్రెసర్ ఎలాగూ ఉంటుంది, దాన్ని పాలిషింగ్‌కు వాడాలని తోచకపోవడమే లోటు. గాలి కొట్టేటప్పుడు ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

కాంపౌండ్ ఎంత వేయాలి? కొత్త ప్యాడ్‌కు మొదటిసారి ముఖమంతా పలచగా పట్టించాలి. పొడి స్పాంజి రంగును నేరుగా రుద్దితే గీతలతో పాటు వేడి కూడా ఎక్కువ. ఆ తర్వాత ప్రతి చదరానికీ శనగ గింజంత చుక్కలు మూడో నాలుగో చాలు.

ఎండ ముందే తినేసిన వెసులుబాటు

నంద్యాలలో, ఆళ్లగడ్డలో మే నెల ఎలా ఉంటుందో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు. 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతల వార్త వచ్చిందంటే అందులో నంద్యాల జిల్లా పేరు తరచూ ఉంటుంది. పాలిషింగ్ గురించి యూట్యూబ్‌లో చూసే వీడియోల్లో ఎక్కువ భాగం చల్లని దేశాల్లో, ఏసీ గదుల్లో తీసినవి. వాళ్ల షెడ్డు 20 డిగ్రీల దగ్గర మొదలవుతుంది, మన రేకుల షెడ్డు 42 దగ్గర. అక్కడ ప్యాడ్ నాలుగు ప్యానెళ్లు లాగిందంటే ఇక్కడా లాగుతుందనుకోవడం పొరపాటు. జిగురు మెత్తబడే వేడి అక్కడా ఇక్కడా ఒకటే. మనం దానికి ఇరవై డిగ్రీలు దగ్గరగా నిలబడి పని మొదలుపెడుతున్నాం.

ఆళ్లగడ్డ నుంచి ఒక నల్ల కారు పెళ్లి కోసం పాలిష్‌కు నంద్యాల వస్తుందనుకుందాం. 40వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 40 కిలోమీటర్లు మధ్యాహ్నం ఎండలో వచ్చింది. నల్ల రంగు రేకు ఎండలో 70 డిగ్రీలు దాటగలదు, బానెట్‌కు కింద నుంచి ఇంజిన్ వేడి అదనం. పెళ్లివాళ్లు తొందరపెడతారు, "సాయంత్రానికి కావాలి భాయ్" అంటారు. కడిగి తుడిచి వెంటనే బానెట్ మీద మెషిన్ పెడితే ప్యాడ్ పైన తన వేడితో, కింద రేకు వేడితో రెండు వైపులా ఉడుకుతుంది. కాంపౌండ్ పని చేయకముందే ఎండిపోయి పొడి అయిపోతుంది. అలాంటి కారును నీడలో బానెట్ ఎత్తి కనీసం గంట ఉంచాలి. ఆ గంటలో కడగడం, క్లే పట్టడం, టేపు అంటించడం పూర్తిచేసుకోవచ్చు. పని కూడా డోర్ల నుంచి, డిక్కీ నుంచి మొదలుపెట్టి బానెట్‌ను చివరికి ఉంచుకోవాలి.

వేసవిలో అసలు మంచి వేళ తెల్లవారుజాము. ఫజర్ తర్వాత మెషిన్ పట్టుకుంటే పది గంటలలోపు కటింగ్ పని, అంటే ఎక్కువ వేడి పుట్టే పని, అయిపోతుంది. ఎండ ముదిరాక చేత్తో చేసే పనులు, లోపలి సీట్లు, అద్దాలు పెట్టుకోవచ్చు. ఈద్‌కు ముందు వారం కార్లు వరస కట్టినప్పుడు ఇషా తర్వాత రాత్రి పని చేసే షెడ్లూ ఉంటాయి. అది ప్యాడ్‌కూ మనిషికీ కూడా మంచిదే, వెలుతురు బాగా ఉంటే.

గాలి కోసం పెట్టే టేబుల్ ఫ్యాన్ గురించి ఒక మాట. ఫ్యాన్ పనివాడికి హాయి, కానీ రోడ్డు దుమ్మును నేరుగా తడి రంగు మీదకు తోస్తుంది. రాతి పొడి ఎగిరే దారి పక్క షెడ్డయితే ఒక్క రేణువు ప్యాడ్‌లో చిక్కినా చాలు, బానెట్ అంతా వలయాలు గీస్తుంది. ఫ్యాన్‌ను కారు వైపు కాకుండా, తీసి పెట్టిన ప్యాడ్‌ల వైపు తిప్పండి.

చేతి బరువు, వేగం

గట్టిగా నొక్కితే గీతలు త్వరగా పోతాయన్నది సగమే నిజం. కొంతవరకు పోతాయి. ఆ తర్వాత నొక్కే బరువంతా ప్యాడ్‌ను నలపడానికే ఖర్చవుతుంది. కటింగ్‌కు మెషిన్ బరువుతో కలిపి ఐదు నుంచి ఏడు కిలోలు, ఫినిషింగ్‌కు మెషిన్ సొంత బరువు, ఇంతే చాలు. ఐదు కిలోలంటే చేతికి ఎలా ఉంటుందో తెలియాలంటే కాటా మీద అట్టముక్క పరిచి, ఆపి ఉన్న మెషిన్‌ను దాని మీద ఆనించి నొక్కి చూడండి. కొత్తగా వచ్చిన కుర్రాడితో ఇది ఒకసారి చేయిస్తే తను ఎంత ఎక్కువ నొక్కుతున్నాడో తనకే తెలిసిపోతుంది. కండలు తిరిగిన కుర్రాళ్లు పన్నెండు, పదిహేను కిలోలు నొక్కుతూ తక్కువే అనుకుంటుంటారు.

డీఏ వేగాన్ని ఆరు మీద పెట్టి వదిలేయడం ఇంకో అలవాటు. నాలుగున్నర, ఐదు దగ్గర చాలా పనులు అవుతాయి. రోటరీ అయితే నిమిషానికి వెయ్యి నుంచి పదిహేను వందల చుట్ల మధ్య ఉంచాలి. చేతిని సెకనుకు అంగుళం, రెండు అంగుళాల చొప్పున నింపాదిగా నడపాలి, ఒక చదరం మీద నాలుగైదు సార్లు పోవాలి. అప్పటికీ గీత పోకపోతే అదే ప్యాడ్‌తో ఇంకో పదిసార్లు రుద్దడం దండగ. ప్యాడ్ రకమో కాంపౌండో మార్చాల్సిన సంకేతం అది.

కరెంటు సంగతి ఎవరూ పట్టించుకోరు. సన్నని వైరుతో, ఇరవై మీటర్ల ఎక్స్‌టెన్షన్‌తో మెషిన్ నడిపినా, లో వోల్టేజీ ఉన్నా మోటారు బలం తగ్గుతుంది. వేగం తగ్గినట్టనిపించి పనివాడు ఇంకా నొక్కుతాడు. ప్యాడ్‌ల ఖర్చు ఎక్కువైందని బాధపడే షెడ్డులో ముందు వైరు మందం చూడాలి. మందపాటి, పొట్టి వైరు ఒక్కసారి కొనే ఖర్చు.

ఒక కారుకు ఎన్ని ప్యాడ్‌లు?

ఇక్కడే లెక్క తప్పుతుంది. ఒక ప్యాడ్‌తో కారు మొత్తం లాగేస్తే పొదుపు అనిపిస్తుంది. నిజానికి ఒకే ప్యాడ్‌ను గంటల తరబడి నడిపితే అది ఆ రోజే చనిపోతుంది. ఆరు ప్యాడ్‌లను మార్చి మార్చి వాడితే ఆరూ ఎన్నో కార్లకు వస్తాయి. చిన్న కారుకు కటింగ్ ప్యాడ్‌లు కనీసం నాలుగు, మేలైతే ఆరు. చలికాలం రెండు ప్యానెళ్లకు ఒకటి, మే నెలలో ఒక్కో ప్యానెల్‌కు ఒకటి. డబ్బులు ఒకేసారి చాలకపోతే కొత్త రకం కాంపౌండ్ కొనడం ఆపి, ప్యాడ్‌లే కొనాలి.

తీసే పద్ధతి కూడా ముఖ్యం. పని ఆపగానే వేడి ప్యాడ్‌ను స్పాంజి పట్టుకుని గుంజితే మెత్తబడి ఉన్న జిగురు అక్కడే వదులుతుంది. ప్లగ్ తీసి, మెషిన్‌ను తిరగేసి, ప్యాడ్ ఆకాశం వైపు ఉండేలా రెండు నిమిషాలు ఉంచాలి. ఆ తర్వాత వేళ్లను వెల్‌క్రో అంచు కిందకు దూర్చి చుట్టూ మెల్లగా విడదీయాలి. తీసిన ప్యాడ్‌ను వెల్‌క్రో వైపు పైకి పెట్టి గాలికి వదిలేయాలి, ప్లేటుకూ ఊపిరాడుతుంది. మెషిన్‌ను ప్యాడ్ మీదే నిలబెట్టి భోజనానికి వెళ్లడం మాత్రం చేయవద్దు. వేడి స్పాంజి ఆ బరువుకు అణగి అదే ఆకారంలో గట్టిపడుతుంది, తిరిగొచ్చి ఆన్ చేస్తే మెషిన్ వణుకుతుంది, వణుకు మళ్లీ వేడి.

కొనేటప్పుడు మధ్యలో రంధ్రం ఉన్న ప్యాడ్ దొరికితే తీసుకోండి. వేడి ఎక్కువ చేరేది మధ్యలోనే, రంధ్రం ఉంటే అక్కడ నలగడానికి స్పాంజే ఉండదు, గాలి కూడా ఆడుతుంది. ప్లేటును పెట్టేటప్పుడు సరిగ్గా నడిమధ్యన పెట్టడానికీ అది గుర్తు. పలచని ప్యాడ్ తక్కువ నలుగుతుంది కాబట్టి తక్కువ వేడెక్కుతుంది, మందపాటిది వంపులకు బాగుంటుంది కానీ వేడిని దాచుకుంటుంది. ఊలు ప్యాడ్ పోగుల మధ్య గాలి ఆడుతుంది కనుక కాస్త చల్లగా నడుస్తుంది, తర్వాత ఫినిషింగ్ తప్పదు. మైక్రోఫైబర్ ప్యాడ్ బాగా కోస్తుంది, కానీ దానిలో పొరలు ఎక్కువ, అతుకులు ఎక్కువ. ఎండాకాలం ముందుగా విడిపోయేది అదే. ప్లేటు ప్యాడ్ కంటే కొంచెం చిన్నదిగా, ఐదంగుళాల ప్లేటుకు ఐదున్నర అంగుళాల ప్యాడ్ లాగా ఉండాలి. ప్లేటు మరీ చిన్నదైతే బరువంతా మధ్యలో పడి గుంట ఇంకా త్వరగా వస్తుంది.

రంగును కూడా గమనించాలి

ప్యాడ్ వేడి చివరికి రంగుకే చేరుతుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారుకు రంగు పొరలన్నీ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు, మనిషి వెంట్రుక కంటే కాస్త ఎక్కువ మందం. అందులో పైన ఉండే క్లియర్ కోట్ వాటా మూడో వంతు చుట్టూ. పాలిష్ పట్టేది దాంట్లో నుంచే.

ప్లాస్టిక్ బంపర్ల దగ్గర జాగ్రత్త రెట్టింపు కావాలి. రేకు వేడిని పక్కకు పంచుతుంది, ప్లాస్టిక్ పంచదు. ఒకే నొక్కుడుకు డోర్ గోరువెచ్చగా ఉంటే బంపర్ చురుక్కుమంటుంది. టింకరింగ్ చేసి పుట్టీ పెట్టిన చోటూ అంతే, పుట్టీ వేడిని కింది రేకులోకి త్వరగా పోనివ్వదు. పాత డ్యామేజీ ఎక్కడుందో కారు ఇచ్చేవాళ్లను ముందే అడగండి. వాళ్లు దాచినా వేలితో తట్టి శబ్దం తేడా వింటే తెలిసిపోతుంది.

అరచేయి మంచి థర్మామీటరే. పాలిష్ పట్టిన చోట చేయి ఐదు సెకన్లు హాయిగా ఉంచగలిగితే ఫర్వాలేదు, వెంటనే తీసేయాలనిపిస్తే ఆపాలి. దూరం నుంచి వేడి చూపించే ఇన్‌ఫ్రారెడ్ గన్ ఒకటి ఉంటే ఇంకా మంచిది. పని మొదలుపెట్టే ముందు ప్యానెల్ 40 డిగ్రీలకు పైన ఉంటే ఆగడం, పని మధ్యలో 50 చేరితే వేరే ప్యానెల్‌కు మారడం, 60 వైపు పోనివ్వకపోవడం, ఇలా గీత గీసుకుంటే చాలు. కారు ఒకటే చూసి ఊరుకోవద్దు. మెషిన్ ఆపి, ప్లగ్ తీసి, ప్యాడ్ మధ్యలోకి కూడా గన్ చూపించండి. డీఏతో పని చేసినప్పుడు చాలాసార్లు బానెట్ కంటే ప్యాడ్ మధ్య భాగమే వేడిగా కనిపిస్తుంది.

కడగడం, ఆరబెట్టడం

సాయంత్రం ప్యాడ్‌లను అలాగే మూలన పడేస్తే కాంపౌండ్ ఎండి రాయిలా అవుతుంది, మర్నాడు అది రంగును గీకుతుంది. చల్లని నీళ్లు లేదా గోరువెచ్చని నీళ్లు, కాస్త మెత్తని సబ్బు నీళ్లు చాలు. మరుగుతున్న నీళ్లు పోస్తే మెషిన్ చేయాల్సిన పాడు మనమే చేసినట్టు, జిగురు అక్కడే వదులుతుంది. పెట్రోలు, థిన్నర్ అసలే వద్దు. పెయింటింగ్ షెడ్లలో థిన్నర్ చేతికి అందుబాటులో ఉంటుంది కాబట్టి ఈ తప్పు తరచూ జరుగుతుంది. మైక్రోఫైబర్‌కు బట్టల మెత్తదనం కోసం వాడే కండిషనర్ కూడా పనికిరాదు, పోగులు జిడ్డు పడతాయి.

పిండేటప్పుడు మెలితిప్పకుండా రెండు అరచేతుల మధ్య నొక్కాలి. ఆరబెట్టేటప్పుడు స్పాంజి ముఖం కిందికి, వెల్‌క్రో పైకి ఉండాలి. అప్పుడు నీళ్లు జిగురు దగ్గర నిలవకుండా కిందికి దిగుతాయి. నీడలో, గాలికి ఆరాలి. మిద్దె మీద మే ఎండలో పరిస్తే అరగంటలో ఆరుతాయి నిజమే, కానీ పాలీయూరితేన్‌ను ఎండ పసుపుపచ్చగా మార్చి పొడిపొడిగా చేస్తుంది. లోపల తడి ఉన్న ప్యాడ్‌ను మర్నాడు పొద్దున్నే ఎక్కించవద్దు. తడి స్పాంజి మామూలు కంటే మెత్తగా ఉండి ఎక్కువ నలుగుతుంది. అందుకే ఇద్దరు పని చేసే షెడ్డుకు కూడా రెండు జతల ప్యాడ్‌లు కావాలి, ఒకటి ఆరుతుంటే ఒకటి పనిలో. ఇంట్లో ఆడవాళ్లు ప్యాడ్‌లు కడిగి ఆరబెట్టే పనిలో చేయి కలిపే కుటుంబాలుంటే ఈ రెండు మాటలు, వేడి నీళ్లు వద్దు, వెల్‌క్రో పైకి అన్నవి, వాళ్లకూ చెప్పాలి.

బోరు నీళ్లు ఉప్పగా ఉండే చోట కడిగిన ప్యాడ్‌లో తెల్లని పొడి మిగులుతుంది. చివరి కడుగు మంచినీళ్లతో చేసి, ఆరాక ఒకసారి బ్రష్ చేస్తే పోతుంది.

మధ్యలో గుంట పడినది, వెల్‌క్రో అంచు గోరుతో తీస్తే లేస్తున్నది, ముఖం నున్నగా మెరుస్తున్నది, ఈ మూడింటిలో ఏది కనిపించినా ఆ ప్యాడ్‌ను మళ్లీ మెషిన్‌కు ఎక్కించవద్దు. సూపర్ గ్లూతో అతికించి ఇంకో కారు లాగుదామనుకుంటారు కొందరు. ఆ జిగురు గట్టిపడి ప్యాడ్ వెనక రాయిలా నిలుస్తుంది, వేడికి అది కూడా ఆగదు. అలాంటి ప్యాడ్‌ను వెల్‌క్రో పీకేసి, స్పాంజిని శుభ్రంగా కడిగి, చేత్తో వ్యాక్స్ పూయడానికి, టైర్లకు పాలిష్ రాయడానికి వాడుకోవచ్చు. టైరుకు వాడినదాన్ని మాత్రం వేరే డబ్బాలో పెట్టి, ఎవరూ పొరపాటున బానెట్ మీద పెట్టకుండా అంచు కత్తిరించి గుర్తు పెట్టుకోవాలి.